పసిబిడ్డ వచ్చాక పెద్దబిడ్డ సంగతేమిటి? సూరత్ తెలుగు ఇళ్లలో ఇద్దరు చిన్నారుల పెంపకం

సూరత్: ఇంట్లో రెండో కాన్పు అయిందంటే చూడవచ్చిన వారందరి చూపూ తొట్టెల మీదే ఉంటుంది. అప్పటిదాకా తల్లి ఒడిలో పెరిగిన మూడు, నాలుగేళ్ల బిడ్డ మాత్రం ఒక్క రోజులో ‘పెద్ద’ అయిపోవాల్సి వస్తుంది. ఎత్తుకోమంటే ‘నువ్వు పెద్దయ్యావు కదా’ అంటారు, అన్నం తినిపించమంటే ‘నీ చేత్తో నువ్వే తిను’ అంటారు. నిజానికి ఆ వయసు బిడ్డ ఇంకా తానుగా కడుపునిండా తినలేదు, తానుగా నిద్రపోలేదు, తన బాధను మాటల్లో చెప్పుకోలేదు.

ఈ పరిస్థితి ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. స్వగ్రామంలో అయితే అమ్మమ్మో, నానమ్మో, పక్కింటి పెద్దమ్మో ఆ లోటు పూడుస్తారు. వస్త్ర పరిశ్రమను నమ్ముకుని గుజరాత్‌లోని సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలావాటికి ఆ వెసులుబాటు తక్కువ. తండ్రి పన్నెండు గంటల షిఫ్టులో ఉంటాడు, తల్లి ఇంటి వద్దే చీరల పని చేస్తుంది, ఇల్లు చూస్తే ఒకటి రెండు గదులే. అలాంటి ఇంట్లో ఇద్దరు చిన్నారుల పెంపకం ఎలా సాగుతుంది, ప్రభుత్వ వ్యవస్థలు ఎంతవరకు ఆదుకుంటాయి, ఎక్కడ చేయి విడుస్తాయి అన్నది ఈ కథనం.

మగ్గం వెంట వచ్చిన కుటుంబాలు

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌లో 2011 జనగణన నాటికి సుమారు 45 లక్షల జనాభా ఉంది. కృత్రిమ దారంతో నేసే చీరలకు, వజ్రాల సానకు ఇది దేశంలోనే పెద్ద కేంద్రం. ఇక్కడి మరమగ్గాలపై పనిచేసే వారిలో ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చేవారు ఎక్కువ. వారిలో చాలామంది కుటుంబాన్ని ఊళ్లో ఉంచి ఒంటరిగా వస్తారు. వెయ్యి మంది పురుషులకు నగరంలో స్త్రీలు 760 మందికన్నా తక్కువే ఉన్నారని 2011 జనగణన చెప్పడానికి ఇలాంటి ఒంటరి వలస ఒక ముఖ్య కారణం.

తెలుగువారి వలస తీరు కొంత వేరు. చేనేతతో బతుకు గడవని రోజుల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, భివండీ, ముంబయి, సూరత్ బాట పట్టాయి. సూరత్‌కు వచ్చినవారిలో చాలామంది ఆలుబిడ్డలతో సహా లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే, ఈ నగరంలో తెలుగు పిల్లలు ఎన్ని తరాలుగా పుట్టి పెరుగుతున్నారో ఊహించవచ్చు.

రెండు మూడు తరాల క్రితం వచ్చిన ఇళ్లలో నానమ్మ, మేనత్త అందుబాటులోనే ఉంటారు. కొత్తగా వచ్చిన జంటల పరిస్థితి అలా కాదు. పెద్దలు ఊళ్లో, బిడ్డలు ఇక్కడ. రెండో కాన్పు సమయంలో ఈ తేడా స్పష్టంగా బయటపడుతుంది.

పుట్టింటికా, ఇక్కడేనా?

తొలి కాన్పు పుట్టింట జరగడం తెలుగువారి ఆనవాయితీ. రెండోసారి నిర్ణయం అంత సులువు కాదు. సూరత్ నుంచి వరంగల్ మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు రోజంతా ప్రయాణం. నిండు గర్భిణి చిన్నబిడ్డను వెంటబెట్టుకుని అంత దూరం వెళ్లాలి, మళ్లీ పసికందుతో తిరిగి రావాలి. నెలల తరబడి ఊళ్లో ఉంటే పెద్దబిడ్డకు అంగన్‌వాడీ అలవాటు తప్పుతుంది, తండ్రి కళ్లకు దూరమవుతుంది. ఇక్కడే ఉండిపోతే అమ్మమ్మ కొన్ని వారాలు వచ్చి వెళుతుంది. ఆమె రైలెక్కిన మరునాటి నుంచి బాలింత ఒంటరి.

ఇక్కడే కాన్పు అనుకునేవారికి ప్రభుత్వ న్యూ సివిల్ ఆస్పత్రి, నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్ ఆస్పత్రి, వార్డుల్లోని పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, శస్త్రచికిత్స, మందులు, భోజనం, రవాణా ఉచితం. ఏడాది లోపు బిడ్డ జబ్బుపడినా చికిత్స ఉచితమే. తల్లీబిడ్డలను ఇంటికి దింపేందుకు గుజరాత్‌లో ‘ఖిల్‌ఖిలాట్’ పేరుతో ప్రత్యేక వాహనాలు నడుస్తున్నాయి.

చిక్కంతా కాగితాల దగ్గర వస్తుంది. గుజరాత్‌లో తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డును మమతా కార్డు అంటారు. అది గుజరాతీలో ఉంటుంది. ఊళ్లో కాన్పు అయి తిరిగివచ్చిన తల్లి చేతిలో తెలుగు కార్డు ఉంటుంది. ఒక భాష కార్డు తల్లికి అర్థం కాదు, మరో భాష కార్డు ఇక్కడి ఆరోగ్య కార్యకర్తకు అర్థం కాదు. అయితే టీకాల జాతీయ పట్టిక దేశమంతటా ఒక్కటే. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి టీకా. 6, 10, 14 వారాలకు పెంటావలెంట్, రోటా, పోలియో. 9 నెలలు నిండాక తట్టు-రుబెల్లా తొలి మోతాదు. ఊళ్లో మొదలుపెట్టిన వరుసను ఇక్కడ కొనసాగించడానికి ఏ అడ్డూ లేదు. యూ-విన్ వేదికలో నమోదైతే ఒక రాష్ట్రంలో వేసిన టీకా వివరం మరో రాష్ట్రంలోనూ కనిపిస్తుంది. అయినా కార్డును జాగ్రత్తగా దాచుకోవడం, ప్రయాణంలో వెంట ఉంచుకోవడం అవసరం.

అంగన్‌వాడీ పేరు నమోదుకూ ఇదే వర్తిస్తుంది. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో లబ్ధిదారుల పేరును ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలుంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు రూ.5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే రూ.6,000 అర్హులైన తల్లుల ఖాతాలో జమవుతాయి. రెండోబిడ్డకు సంబంధించిన నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు సరిగా లేకపోతే ఈ సొమ్ము అందడంలో జాప్యం జరుగుతుంది. కాన్పుకు ముందే వీటిని సరిచూసుకోవడం మేలు.

ఒకే గది, పన్నెండు గంటల షిఫ్టు

తెలంగాణ నేతకారులు సాంచాలని పిలిచే మరమగ్గాలు సూరత్‌లో రాత్రింబవళ్లు నడుస్తాయి. ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు, రాత్రి ఏడు నుంచి ఉదయం ఏడు. నేసిన మీటర్ల లెక్కన కూలి. పని మానితే ఆ రోజు రాబడి లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుడితే 15 రోజుల పితృత్వ సెలవు ఉంటుంది. మగ్గం కార్మికుడికి అలాంటిదేమీ లేదు.

రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన తండ్రికి పగలే నిద్ర. అదే గదిలో పాలు తాగే పసిబిడ్డ రెండు మూడు గంటలకోసారి లేస్తుంది. పెద్దబిడ్డ ఆడుకోవాలంటే చప్పుడు కాకూడదు. ఫలితంగా బిడ్డ గల్లీలోకైనా వెళుతుంది, లేదంటే చేతికి ఫోన్ వస్తుంది. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, కనీసం మూడు గంటల కదలిక ఉండాలని, తెర ముందు గడిపే సమయం గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని చెప్పింది.

ఇరుకు గదిలో వీటన్నిటినీ తు.చ. తప్పకుండా పాటించడం కష్టమే. అయినా కొంత సర్దుబాటు సాధ్యం. తండ్రి నిద్రపోయే వేళకు పెద్దబిడ్డ అంగన్‌వాడీలో ఉండేలా చూడటం, పసిబిడ్డ మధ్యాహ్నం పడుకున్నప్పుడే పెద్దబిడ్డనూ పక్కన పడుకోబెట్టడం, షిఫ్టు మారిన వారంలోనూ రాత్రి అన్నం, నిద్ర వేళలు మార్చకపోవడం వంటివి ఖర్చు లేని పనులు. తండ్రి షిఫ్టు ఏదైనా బిడ్డ గడియారం ఒకటే ఉండాలి.

ఒడి దిగిన బిడ్డకు వచ్చే జబ్బు

కొత్తబిడ్డ రాకతో పెద్దబిడ్డ ఆరోగ్యం దెబ్బతినడం వైద్యశాస్త్రం ఎప్పుడో గుర్తించిన విషయం. 1930వ దశకంలో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, పనిచేసిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్ ఒక తీవ్ర పోషకాహార లోపాన్ని గమనించారు. పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి, చర్మం పొరలుగా ఊడే ఆ జబ్బును స్థానిక ‘గా’ భాషలో ‘క్వాషియోర్కర్’ అనేవారు. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు ముందు బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. 1935లో ఆమె అదే పేరుతో లాన్సెట్ పత్రికలో వ్యాసం ప్రచురించారు. నేటికీ వైద్య గ్రంథాల్లో ఆ పేరే కొనసాగుతోంది. పాలు మాని, చాలినంత తిండి దొరకని పెద్దబిడ్డ కథ ఆ ఒక్క మాటలో ఉంది.

అంత తీవ్రమైన రూపం అన్ని ఇళ్లలోనూ కనిపించకపోవచ్చు. కానీ నెమ్మదిగా బరువు తగ్గడం, ఎత్తు పెరగకపోవడం, తరచూ జలుబు, విరేచనాలు రావడం సాధారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గుజరాత్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 39 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. 25 శాతం మంది ఎత్తుకు తగిన బరువు లేరు. తెలంగాణలో ఈ లెక్కలు వరుసగా 33, సుమారు 22 శాతం.

పెద్దబిడ్డ తిండి ఎక్కడ తగ్గుతుంది? తల్లి పసిబిడ్డకు పాలిచ్చే వేళే పెద్దబిడ్డ అన్నం వేళ కూడా కావడం ఒక కారణం. ఏడుపు మాన్పేందుకు చేతిలో పెట్టే చిరుతిండి పొట్లం, టీలో ముంచిన బిస్కెట్ ఆకలిని చంపడం మరొకటి. ఆ కడుపులో పప్పన్నానికి చోటుండదు. పసిబిడ్డ పాలు తాగే సమయంలోనే పెద్దబిడ్డను పక్కన కూర్చోబెట్టి పప్పు, నెయ్యి కలిపిన ముద్దలో, పెరుగన్నమో పెట్టడం పాత అమ్మమ్మల పద్ధతి. ఒక చేత్తో ఒకరికి, మరో చేత్తో మరొకరికి. అందులో తిండితో పాటు ‘నిన్ను మరచిపోలేదు’ అన్న భరోసా కూడా ఉంది.

జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలో ఉపాహారం, వేడి భోజనం హక్కు. పాలిచ్చే తల్లికీ పోషకాహారం అందాలి. తెలంగాణలో ఉన్నట్టు గుజరాత్ అంగన్‌వాడీల్లో గుడ్డు ఇవ్వరు. అక్కడ బాలామృతం, ఇక్కడ బాలశక్తి. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు బాలశక్తి, గర్భిణులకు, బాలింతలకు మాతృశక్తి పొట్లాలు ఇస్తారు. వీటిని అమూల్, బనాస్, సూరత్‌లోని సుముల్ వంటి పాల సహకార సంఘాలు తయారు చేస్తాయి. ఈ పొడితో రాబ్, శీరా, సుఖడీ వండుకోవాలని ఇక్కడి కార్యకర్తలు చెబుతారు. తెలుగు ఇళ్లలో దాన్ని జావగానో, బెల్లం కలిపిన ఉండలుగానో చేసుకోవచ్చు. గుడ్డు తినే ఇళ్లలో దాన్ని విడిగా చేర్చుకుంటే అంగన్‌వాడీ భోజనంలో లేనిది భర్తీ అవుతుంది. 2022 జూన్‌లో మొదలైన ముఖ్యమంత్రి మాతృశక్తి యోజన కింద గర్భం దాల్చినప్పటి నుంచి బిడ్డకు రెండేళ్లు నిండే వరకు తల్లికి నెలకు 2 కిలోల శనగలు, కిలో కందిపప్పు, లీటరు నూనె కూడా ఇస్తారు.

పెద్దబిడ్డ ఆరోగ్యానికీ ఒక జాబితా ఉంది. ఐదేళ్లు నిండే వరకు ఆరు నెలలకోసారి విటమిన్-ఎ ద్రావణం, వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర, ఐదారేళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టర్. పసిబిడ్డ టీకాకు వెళ్లిన రోజునే పెద్దబిడ్డ బరువు, ఎత్తు కొలిపిస్తే వేరుగా సెలవు పెట్టాల్సిన పని ఉండదు. మోచేతికి, భుజానికి మధ్య దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువ ఉంటే అది తీవ్ర పోషకాహార లోపం. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పసిబిడ్డకు మొదటి ఆరు నెలలు

పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కరలేదన్నది వైద్యుల సూచన. సూరత్ వేసవిలోనూ ఇందులో మార్పు లేదు. తల్లిపాలలోనే బిడ్డకు కావలసిన నీరు ఉంటుంది. ఆరు నెలల తర్వాత పాలు కొనసాగిస్తూనే మెత్తటి అనుబంధాహారం మొదలుపెట్టాలి.

పెద్దలు ఊరి నుంచి మోసుకొచ్చే ఆచారాల్లో కొన్ని మేలు చేస్తాయి, కొన్నింటిని మానుకోవాలి. బాలింతకు విశ్రాంతి, వేడి భోజనం, తోడుగా ఒక మనిషి ఉండాలన్న నియమం వెల కట్టలేనిది. గుజరాతీ ఇళ్లలోనూ బాలింతకు కాట్లు, గోంద్ కలిపిన బలవర్ధక పదార్థాలు పెడతారు. ఆరో రోజు ఛఠీ చేస్తారు. మేనత్త చేత పేరు పెట్టిస్తారు. తెలుగు ఇళ్లలో ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగ. పేర్లు వేరైనా బాలింతను ఒంటరిగా వదలకూడదన్న ఉద్దేశం ఒకటే. పత్యం పేరిట కూరగాయలు, పప్పులు, నీళ్లు తగ్గించడం మాత్రం పాలిచ్చే తల్లికి నష్టం. పసికందుకు ఉగ్గుతో ఆముదం పట్టడం, కంటికి కాటుక, గదినిండా సాంబ్రాణి పొగ కూడా మంచివి కావు. ఆముదం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కాటుకలో సీసం ఉండవచ్చు. గాలి ఆడని ఒక్క గదిలో పొగ లేత ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

ఆస్పత్రిలో కాన్పు అయిన బిడ్డను చూసేందుకు ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకూ రావాలి. ఈ తేదీలు తెలిసి ఉంటే, రాకపోయినప్పుడు అడగవచ్చు. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు వెచ్చబడినా లేదా చల్లబడినా, శ్వాస వేగంగా తీస్తున్నా, మగతగా ఉన్నా ఆశా రాక కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి. 108 వాహనాన్ని పిలవవచ్చు.

తల్లి మనసు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కాన్పు తర్వాత రెండు వారాలు దాటినా దుఃఖం, నిద్రలేమి, బిడ్డపై విముఖత పోకపోతే అది బద్ధకం కాదు, చికిత్స ఉన్న అనారోగ్యం. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సహాయ కేంద్రం 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చు. చుట్టూ తన భాష వినిపించని ఊళ్లో ఉన్న బాలింతకు అది చిన్న ఆసరా కాదు.

చీరల మూట పక్కనే ఆట

సూరత్‌లో తయారైన చీర దుకాణానికి చేరే ముందు ఎన్నో ఇళ్లలో ఆగుతుంది. వేలాడే దారాలు కత్తిరించడం, అంచుకు లేసు కుట్టడం, మెరిసే రాళ్లు, టిక్కీలు అతికించడం వంటి పనులు మహిళలు ఇంటి వద్ద చేస్తారు. చీరకు ఇంత అని కూలి. పాలిచ్చే తల్లికి ఇల్లు కదలకుండా దొరికే సంపాదన ఇది. కాన్పు ఖర్చులు మీద పడ్డ నెలల్లో దాన్ని వదులుకోవడమూ కష్టమే.

కానీ అదే గదిలో పసిబిడ్డ పాకడం మొదలుపెడుతుంది. నేల మీద పడ్డ ఒక్క రాయి గొంతుకు అడ్డం పడటానికి చాలు. కత్తెర, సూది, జిగురు డబ్బా మూడు, నాలుగేళ్ల బిడ్డకు బొమ్మల్లాగే కనిపిస్తాయి. పని సామగ్రిని ఎత్తయిన పెట్టెలో మూతపెట్టి ఉంచడం, జిగురు పని చేసేటప్పుడు తలుపు, కిటికీ తెరవడం, పని ముగియగానే తడిగుడ్డతో నేల తుడవడం కనీస జాగ్రత్తలు. పసిబిడ్డను పెద్దబిడ్డ చేతికి అప్పగించి వంటగదిలోకి వెళ్లడం కూడా ప్రమాదకరం. ఎత్తుకోవాలన్న ముచ్చట ఉన్నా ఆ చేతులకు అంత బలం ఉండదు. కూర్చోబెట్టి, తల్లి పక్కనుండగా ఒళ్లో పడుకోబెట్టడం వరకే మేలు.

మారాం వెనుక మనసు

తమ్ముడో చెల్లెలో పుట్టాక పెద్దబిడ్డ మళ్లీ పక్క తడపడం, పాలసీసా అడగడం, ముద్దుమాటలు మాట్లాడటం, అంగన్‌వాడీకి వెళ్లనని ఏడవడం, పసిబిడ్డను గిల్లడం సాధారణంగా కనిపించేవే. దీన్ని మొండితనంగా చూసి కొట్టడం వల్ల భయం పెరుగుతుందే తప్ప అలవాటు పోదు. తన స్థానం పోయిందేమోనన్న అనుమానాన్ని ఆ వయసు బిడ్డ నడవడితోనే చెప్పగలుగుతుంది.

రోజుకు పావుగంటైనా పసిబిడ్డ ప్రస్తావన లేకుండా పెద్దబిడ్డతో గడపడం దీనికి సరళమైన మందు. ఆ పావుగంట తల్లిదే కావాలని లేదు. షిఫ్టు నుంచి వచ్చిన తండ్రి స్నానం చేయించవచ్చు, పాల ప్యాకెట్‌కు వెంట తీసుకెళ్లవచ్చు, పడుకునే ముందు ఊరి కథ చెప్పవచ్చు. బిడ్డ గుడ్డ అందించడం, లాలి పాడటం వంటి చిన్న పనులు అప్పగిస్తే ఇంట్లో తనకూ ఒక పాత్ర ఉందన్న తృప్తి కలుగుతుంది. అంగన్‌వాడీలో చేర్చడం, వేరే పడక వేయడం వంటి మార్పులు కాన్పుకు కొన్ని నెలల ముందే జరిగితే, పసిబిడ్డ వల్ల తనను దూరం పెట్టారన్న భావన బిడ్డకు రాదు.

కాన్పుల మధ్య ఎడం ఉంటే ఈ భారం తగ్గుతుంది. ఒక కాన్పు తర్వాత కనీసం 24 నెలలు ఆగి మరో గర్భం గురించి ఆలోచించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు, కాపర్-టి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతాయి.

ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో గుజరాతీ

ఈ ఇళ్లలోని పెద్దబిడ్డ ముందు మూడు భాషలు ఉంటాయి. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, అంగన్‌వాడీలో గుజరాతీ. తల్లి చుట్టూ తిరిగే బిడ్డ అకస్మాత్తుగా ఆమెకు దూరమై, అర్థం కాని మాటల మధ్య కూర్చోవాల్సి రావడం పసిబిడ్డ రాకతోనే జరిగితే ఆ భారం రెట్టింపు అవుతుంది. మాట రావడం ఆలస్యమైందని కొందరు ఇంట్లో తెలుగు మానేసి హిందీ మొదలుపెడతారు. అది అవసరం లేదు. ఒకటికన్నా ఎక్కువ భాషలు వినడం వల్ల పిల్లల ఎదుగుదల కుంటుపడదు. ఇంట్లో గట్టిపడిన భాష మిగతా భాషలకు పునాది అవుతుంది. సాధ్యమైన చోట ప్రాథమిక విద్య ఇంటి భాషలో సాగాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది.

గుజరాత్‌లో 2023-24 విద్యా సంవత్సరం నుంచి ఆరేళ్లు నిండిన పిల్లలనే ఒకటో తరగతిలో చేర్చుకుంటున్నారు. అంతకు ముందు ఏడాది కోసం ప్రభుత్వ పాఠశాలల్లో బాలవాటికలు మొదలయ్యాయి. దీంతో మూడు నుంచి ఐదేళ్ల వరకు అంగన్‌వాడీ, తర్వాత బాలవాటిక, ఆ తర్వాత ఒకటో తరగతి అన్న వరుస ఏర్పడింది. 2023లో రాష్ట్ర శాసనసభ ఆమోదించిన చట్టం ప్రకారం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు అన్ని పాఠశాలల్లో గుజరాతీ బోధన తప్పనిసరి. అందువల్ల తెలుగు మాధ్యమంలో చేర్చినా, మరో మాధ్యమంలో చేర్చినా బిడ్డకు గుజరాతీ వస్తుంది. ఇంట్లో నేర్పకపోతే రాకుండా పోయేది తెలుగే.

తల్లికి మరో చేయి

అంగన్‌వాడీ కొన్ని గంటలే నడుస్తుంది. షిఫ్టు మాత్రం పన్నెండు గంటలు. ఈ ఖాళీని పూడ్చే శిశు సంరక్షణ కేంద్రాలే పట్టణ కార్మిక కుటుంబాలకు నిజమైన అవసరం. 2017 సవరణతో చట్టం సంఘటిత రంగ మహిళకు 26 వారాల వేతన సెలవు ఇచ్చింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నది. ఇంటి వద్ద చీరకు రాళ్లు అతికించే తల్లికి యజమాని ఎవరో కూడా కచ్చితంగా తెలియదు. మూట తెచ్చే మధ్యవర్తి మాత్రమే తెలుసు. ఆ సెలవు ఆమెకు వర్తించదు.

కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తిలోని ‘పాల్నా’ పథకం ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీతో కలిసిన శిశు సంరక్షణ కేంద్రాలను ప్రతిపాదించింది. తల్లి ఉద్యోగం ఏదన్న షరతు అందులో లేదు. గుజరాత్‌కే ఇందులో పాత అనుభవం ఉంది. ఇలా భట్ 1972లో అహ్మదాబాద్‌లో స్థాపించిన సేవా సంస్థ అసంఘటిత రంగ మహిళల కోసం ‘సంగిని’ సహకార సంఘం ద్వారా శిశు కేంద్రాలు నడిపింది. తల్లుల పని గంటలకు తగినట్టు కేంద్రాల వేళలు ఉండటం వాటి ప్రత్యేకత. మగ్గాల నగరంలో అలాంటి కేంద్రం వార్డుకొకటి ఉన్నా, బాలింత రెండు గంటలు నిద్రపోగలదు, పెద్దబిడ్డ చప్పుడు చేస్తూ ఆడుకోగలదు.

అప్పటివరకు ఇరుగుపొరుగే ఆసరా. ఒకే వీధిలో ఉన్న ఇద్దరు ముగ్గురు తల్లులు వంతులవారీగా పిల్లలను అంగన్‌వాడీకి దింపడం, గుజరాతీ చదవగలిగిన ఒకరు మిగతావారి మమతా కార్డులు చదివి తేదీలు చెప్పడం, తెలుగు మాధ్యమ పాఠశాలలో చదువుకున్న పాత విద్యార్థులు కొత్తగా వచ్చిన కుటుంబాలకు నమోదు దారి చూపడం సాధ్యమయ్యే పనులే. సాధారణంగా బుధవారాల్లో జరిగే మమతా దివస్‌కు పసిబిడ్డతో పాటు పెద్దబిడ్డనూ తీసుకెళ్లి, ఇద్దరి బరువూ తూయించి, రెండు అంకెలనూ కార్డులో రాయించుకుంటే, ఎవరి ఎదుగుదల ఆగిందో నెల తిరిగేసరికి తెలిసిపోతుంది.